బండి లేదా? బస్సు వెళ్ళే కొండలున్నాయి

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర ఒక పల్లె. ఉద్యోగం వచ్చి హైదరాబాద్‌లో, మియాపూర్ హాస్టల్లో ఉంటున్నాను. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చోవడం, సెలవొస్తే మాల్‌కో సినిమాకో పోవడం విసుగెత్తిపోయింది. కొండలెక్కాలని ఉంది. నాకు బండి లేదు, నడపడమూ రాదు. ట్రెక్కింగ్ గ్రూపుల వాళ్ళు ఒక్కరోజుకే వెయ్యి, పదిహేను వందలు అడుగుతున్నారు. బస్సులోనో రైల్లోనో వెళ్ళి, కొండెక్కి, చీకటి పడేలోగా హాస్టల్‌కు రాగలిగే చోట్లు ఉన్నాయా? రీల్స్ చూసి రాచకొండ వెళ్దామంటోంది నా రూమ్మేట్. ఖరీదైన బూట్లు కొనాలా? నాన్నకు చెబితే భయపడతారు. చెప్పకుండా వెళ్ళనా?
– ఒక పాఠకురాలు, మియాపూర్

సమాధానం:

ఉన్నాయి. మీరు అనుకుంటున్నదానికన్నా ఎక్కువే ఉన్నాయి. హైదరాబాద్ వెలిసిందే రాతిగుట్టల మధ్య. ఊళ్ళో చాలా గుట్టలు పేర్లలో మాత్రమే మిగిలాయి గానీ, గంటా గంటన్నర ప్రయాణం చేస్తే ఇంకా ఎవరూ పగలగొట్టనివి కనబడతాయి. ఇబ్బంది కొండతో కాదు, తిరుగు ప్రయాణంతో. పొద్దున వెళ్ళడానికి ఏదో ఒక బస్సు దొరుకుతుంది. సాయంత్రం నాలుగింటికి కాళ్ళు పీకుతూ, సీసాలో నీళ్ళైపోయి, రోడ్డు పక్కన నిలబడ్డప్పుడు బస్సు వస్తుందా రాదా అన్నదే అసలు సంగతి. అందుకని బండి లేనివాళ్ళు అందమైన కొండ ఎక్కడుందా అని మొదలుపెట్టకూడదు. బస్సులు ఆగకుండా తిరిగే రోడ్డు ఏదో చూసుకుని, దాని పక్కన ఏ కొండ ఉందో వెతుక్కోవాలి.

ఆ లెక్కన చూస్తే మీ రూమ్మేట్ చెప్పిన రాచకొండ మొదటే పోతుంది. చోటు గొప్పది, కాదనను. రేచర్ల పద్మనాయకుల రాజధాని, సర్వజ్ఞ సింగభూపాలుడు ఏలిన ఊరు. గుట్టల మధ్య కోటగోడలు, రాతి దర్వాజాలు, చుట్టూ అడవి. కానీ విజయవాడ హైవే మీద చౌటుప్పల్ దాకా బస్సులో హాయిగా వెళ్ళినా, అక్కణ్ణుంచి సంస్థాన్ నారాయణపూర్ వైపు లోపలికి పోవాలి. అటు తిరిగే పల్లెవెలుగులు తక్కువ. ఆటో మాట్లాడుకుని పోతే ఆ ఆటో మళ్ళీ వచ్చి తీసుకెళ్తుందన్న నమ్మకం మీద ఆధారపడాలి. పైగా కోట విశాలం, దారి చూపే బోర్డులు తక్కువ, మనుషుల అలికిడి ఇంకా తక్కువ. రీల్‌లో ఇవేవీ కనబడవు, ఎందుకంటే అది తీసినవాడు బండి మీద వెళ్ళాడు. ఆఫీసులో ఎవరికైనా కారుండి నలుగురైదుగురు కలిసి వెళ్దామన్నప్పుడు చూడండి. ఇద్దరమ్మాయిలు బస్సులో వెళ్ళడానికి మాత్రం నేను వద్దంటాను.

మీకు మొదటి కొండ భువనగిరి. అక్కడివాళ్ళు భోనగిరి అంటారు, కోటను ఖిల్లా అంటారు. ఆటోవాళ్ళను అడిగేటప్పుడు ఖిల్లా అంటే చాలు.

మియాపూర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో నాగోల్ వైపు మారి, ఉప్పల్‌లో దిగండి. వరంగల్, హనుమకొండ, యాదగిరిగుట్ట బస్సులన్నీ ఉప్పల్ మీదుగానే పోతాయి. ఘట్‌కేసర్, బీబీనగర్ దాటాక భువనగిరి. మామూలుగా గంటకు అటూ ఇటూ. ఎక్కే ముందు కండక్టర్ని ఒక్క మాట అడగండి: ‘ఊళ్ళోకి పోతదా, బైపాసా?’ అని. దూరం పోయే బస్సులు కొన్ని ఊళ్ళోకి రాకుండా బైపాస్ మీదే దింపేస్తాయి. అక్కడ దిగితే కోట ఎదురుగా కనబడుతూనే ఉంటుంది గానీ నడక ఎక్కువవుతుంది. రైలూ ఉంది. సికింద్రాబాద్ నుంచి కాజీపేట లైన్లో భువనగిరి స్టేషన్. కానీ పొద్దున మీకు కుదిరే బండి, సాయంత్రం కుదిరే బండి రెండూ దొరకాలి కదా. నన్నడిగితే ఈ దారిలో బస్సే నయం. ఒకటి తప్పితే వెనక ఇంకోటి వస్తుంది.

ఊరికి కొద్ది దూరంలో ఉండగానే బస్సు కిటికీలోంచి గుట్ట కనబడుతుంది. గుట్టంటే రాళ్ళు పేర్చినట్టుండే మన మామూలు గుట్ట కాదు. ఒకే ఒక్క రాయి, సుమారు 500 అడుగుల ఎత్తు, పెద్దగా పగుళ్ళు కూడా లేని నున్నటి బండ. దాని మీద కోట కట్టించింది పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు. కల్యాణిని రాజధానిగా చేసుకుని 1076 నుంచి యాభై ఏళ్ళు ఏలినవాడు. తర్వాత కాకతీయుల చేతికి వచ్చింది, ఆ తర్వాత గోల్కొండ నవాబుల చేతికి. ఇంత కష్టపడి ఈ బండ మీదే ఎందుకు కట్టారన్నది సగం ఎక్కాక మీకే తెలుస్తుంది. వెనక్కి తిరిగితే చుట్టూ మైళ్ళ దూరం నేల చదును. వచ్చే సైన్యం దాక్కోవడానికి చాటే లేదు.

ఎక్కడం రెండు విడతలు. కింద టికెట్ కొని లోపలికి పోతే మొదట మామూలు మెట్లు. కోట దర్వాజాలు, పక్కన గోడలు. ఇక్కడిదాకా చిన్నపిల్లలూ, చీరల్లో వచ్చిన ఆడవాళ్ళూ ఎక్కేస్తూ ఉంటారు. ఆ తర్వాత మెట్లు పలచబడి, బండ మొదలవుతుంది. రాతిలోనే పాదం పట్టేంత గాడులు చెక్కి ఉంటాయి, వాలు ఎక్కువున్నచోట పట్టుకోవడానికి ఇనుప కడ్డీలు. కొందరు ఇక్కడే ఆగిపోయి ఫోటోలు దిగి వెనక్కి పోతారు. మీరు ఆగొద్దు. వంగి ఎక్కకండి, నిటారుగా నిలబడి పాదం మొత్తం బండకు ఆనించి నడవండి. వాలు చూసి భయపడి ముందుకు వంగినప్పుడే మడమ లేచి కాలు జారుతుంది. చిన్న చిన్న అడుగులు వేయండి. బండ గరుకుగా ఉంటుంది, పొడిగా ఉన్నంతసేపు బాగానే పట్టు ఇస్తుంది. పైన రాజులు కట్టిన మేడ, వానచుక్క వృథా కాకుండా తొలిచిన నీటి గుంటలు, పాత ఫిరంగులు. ఆ గుంటల్లో దిగకండి. అంచులు నాచుపట్టి ఉంటాయి, లోతెంతో పైనుంచి తెలియదు.

పైన కూర్చున్నప్పుడు పక్క వాలు మీద తాళ్ళు కట్టుకుని పాకుతున్న పిల్లలు కనబడితే ఆశ్చర్యపోకండి. రాళ్ళెక్కడం నేర్పే శిక్షణ ఇక్కడ చాలాకాలంగా జరుగుతోంది. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మొదట్లో శిక్షణ పొందింది ఈ భువనగిరి బండ మీదే. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకునే పిల్ల. కొండలెక్కడం డబ్బున్నవాళ్ళ సరదా అని మీ హాస్టల్లో ఎవరైనా అంటే ఆ అమ్మాయి సంగతి చెప్పండి.

దిగడం ఎక్కడంకన్నా కష్టం. ఆయాసం ఉండదు గానీ బరువంతా మోకాళ్ళ మీదా, కాలివేళ్ళ మీదా పడుతుంది. వాలెక్కువ ఉన్నచోట పక్కకు తిరిగి, కడ్డీ పట్టుకుని దిగండి. గలగలా మాట్లాడుకుంటూ, ఫోన్లో వీడియో తీసుకుంటూ దిగడం మాత్రం వద్దు. ఆగి తీసుకోండి, తర్వాత నడవండి. రెండు మూడు గంటల్లో మొత్తం అయిపోతుంది. కిందికొచ్చి ఊళ్ళో వేడివేడి మిర్చిబజ్జీలు తిని, బస్సెక్కితే దీపాలు పెట్టేలోగా హాస్టల్లో ఉంటారు.

ఎప్పుడు వెళ్ళాలి? నవంబర్ నుంచి ఫిబ్రవరి. శివరాత్రి దాటాక ఆ బండ జోలికి పోవద్దు. నీడ లేదు, చెట్టు లేదు. పదకొండయ్యేసరికి వేడి చెప్పుల్లోంచి పాదాలకు తెలుస్తుంది. టికెట్ కౌంటర్ తెల్లవారుజామునే తెరవరు కాబట్టి ఎండాకాలంలో చల్లని వేళ ఎక్కడం కుదరదు. వానాకాలంలో ఇంకో తిప్పలు. తడిసిన బండ మీద సన్నగా నాచు పడుతుంది. ఉరుముతున్నప్పుడైతే ఇంకేం చెప్పాలి, అంత ఎత్తున బోడిబండ మీద అందరికన్నా ఎత్తైన వస్తువు మీరే అవుతారు. మబ్బు నల్లబడుతోందంటే శిఖరం పది అడుగుల దూరంలో ఉన్నా వెనక్కి తిరగండి.

వానాకాలానికి మీకు వేరే కొండ ఉంది, అదీ మీ ఇంటివైపే. అనంతగిరి.

మియాపూర్‌లో ఉండటం మీ అదృష్టం. లింగంపల్లి స్టేషన్ దగ్గర, వికారాబాద్ వెళ్ళే రైళ్ళు అటే పోతాయి. శంకర్‌పల్లి, చిట్టిగిడ్డ దాటి వికారాబాద్ జంక్షన్. బస్సయితే మెహదీపట్నం నుంచి మొయినాబాద్, చేవెళ్ళ, మన్నెగూడ మీదుగా. ఆ రోడ్డు పక్కన మర్రిచెట్లు ఒక వరసన నిలబడి ఉంటాయి, వాటికోసమైనా ఒకవైపు బస్సులో వెళ్ళమంటాను. వికారాబాద్‌లో దిగాక కొండ ఇంకో అయిదారు కిలోమీటర్లు. తాండూరు వెళ్ళే బస్సుల్లో అనంతగిరి మీదుగా పోయేది ఎక్కి, గుడి దగ్గర దిగుతామని ముందే చెప్పండి. లేదా స్టేషన్ బయట ఆటోలుంటాయి.

భువనగిరికీ దీనికీ పోలికే లేదు. ఇక్కడ బండ లేదు, ఎర్రమట్టి. పైకి ఎక్కడం కన్నా అడవిలో దిగి ఎక్కడం. అనంత పద్మనాభస్వామి గుడి నుంచి మెట్లు దిగితే భవనాశిని కోనేరు, అక్కణ్ణుంచి చెట్లలోకి దారులు. మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. హైదరాబాద్‌లో ముక్కు మూసుకుని దాటే ఆ నది ఇక్కడ రాళ్ళ సందుల్లో సన్నని ధార. చూస్తే నమ్మరు. 1908 సెప్టెంబర్‌లో హైదరాబాద్‌ను ముంచేసింది ఈ నీళ్ళే. ఆ వరద తర్వాతే గండిపేట చెరువు కట్టారు, 1920లో పూర్తయింది. మీ గుంటూరు సంబంధం కూడా ఉంది. మూసీ నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది, అక్కణ్ణుంచి ఆ నీళ్ళు పోయేది మీ ప్రకాశం బ్యారేజీకే.

ఇక్కడి గాలి మంచిదనే నిజాం కాలంలో క్షయ రోగుల ఆసుపత్రి పెట్టారు. ఆ శానిటోరియం ఇప్పటికీ ఉంది. జులై నుంచి అక్టోబర్ దాకా అడవి పచ్చగా ఉంటుంది. బతుకమ్మ రోజులకు రోడ్డు వెంట తంగేడు పూస్తుంది. ఆ సమయంలోనే సీతాఫలాలు. గంపల్లో పెట్టుకుని అమ్మేవాళ్ళ దగ్గర బేరమాడకుండా కొనండి, సిటీలో ధర మీకు తెలుసుగా. అయితే పండు చేతిలో పట్టుకుని నడవకండి. అనంతగిరి కోతులు హైదరాబాద్ దొంగలకన్నా ఘనులు. ప్లాస్టిక్ కవరు చప్పుడైతే చాలు, చెట్టు దిగొస్తాయి. తిండి సంచీ అడుగున, జిప్పు వేసి, పైన తువ్వాలు కప్పి ఉంచండి. మీద పడితే లాక్కోవద్దు, వదిలేయండి.

ఆదివారం మాత్రం వద్దు, శనివారం వెళ్ళండి. ఆదివారాలు ఘాట్ రోడ్డంతా కార్లు, పాటల మోత, కొన్నిచోట్ల సీసాలు కూడా. అడవి దారిలో కొంత దూరం లోపలికి వెళ్ళాక తాగినవాళ్ళు ఎదురైతే ఎంత చిరాకో చెప్పనక్కర్లేదు. లోపలి దారులకు అటవీశాఖ వాళ్ళు టికెట్ పెడతారు. టికెట్ ఉన్నచోట ఒక మనిషీ ఉంటాడు, మీ ఇద్దరికీ అదే భద్రత. డబ్బు ఆదా చేద్దామని పక్కదారిన దూరకండి. కోట్‌పల్లి చెరువులో పడవలున్నాయి, అక్కడికీ వెళ్దామని ఎవరో ఒకరు అంటారు. అదే రోజు రెండూ బస్సుల మీద తిరిగితే నడక మిగలదు, ఎదురుచూపులే మిగులుతాయి.

తిరుగు ప్రయాణం సంగతి. గుడి దగ్గర ఆగే తాండూరు బస్సులు సెలవురోజు సాయంత్రం కిక్కిరిసి వస్తాయి, కొన్ని ఆగకుండానే పోతాయి. ఆటోవాళ్ళు కూడా అప్పుడే రేటు పెంచుతారు. మూడున్నరకల్లా కొండ దిగే ప్రయత్నంలో ఉండండి. ఏదీ దొరక్కపోతే వికారాబాద్ దాకా రోడ్డు దిగుడే, గంటంపావులో నడిచేయొచ్చు. వెలుతురు ఉన్నంతలోనే సుమా, ఘాట్ మలుపుల్లో చీకట్లో నడవడం ప్రాణాలమీదికి తెచ్చుకోవడమే.

ఈ రెండూ కాక, అసలు మీ ఓపిక ఎంతో తెలుసుకోవడానికి ఊళ్ళోనే ఒక గుట్ట ఉంది, మౌలాలి. సికింద్రాబాద్ నుంచి సిటీ బస్సులున్నాయి, ఎంఎంటీఎస్ లోకల్ రైలు స్టేషన్ కూడా ఉంది. అయిదు వందల దాకా మెట్లు, పైన హజ్రత్ అలీ పేరిట దర్గా. కుతుబ్‌షాహీల నాటి నుంచి జనం ఎక్కుతున్న గుట్ట అది. తలమీద చున్నీ వేసుకుని, చెప్పులు ఎక్కడ విడవమంటే అక్కడ విడిచి వెళ్ళండి. రజబ్ నెలలో ఉర్సు రోజులు తప్ప మిగతా ఉదయాలు ప్రశాంతంగా ఉంటుంది. దిగొచ్చాక గుట్ట కింద మహలఖా బాయి చందా సమాధి చూసి రండి. నిజాం కొలువులో ఉన్న కవయిత్రి, తన గజళ్ళను దివాన్‌గా, అంటే కవితా సంపుటిగా కూర్చిన తొలి మహిళల్లో ఒకరు. తల్లి కోసం 1792లో కట్టించిన తోటలోనే 1824లో ఆమెనూ ఖననం చేశారు. చాలామంది గుట్టెక్కి దిగిపోతారు గానీ ఆ గేటు దాటి లోపలికి పోరు. మౌలాలి మెట్లు మధ్యలో ఒకటి రెండుసార్లు ఆగి ఎక్కగలిగితే భువనగిరి మీకు కష్టమేం కాదు. గోల్కొండ మెట్లూ ఇంతే, కాకపోతే అక్కడ జనం ఎక్కువ, అది కోట చూడటానికి బాగుంటుంది గానీ కొండెక్కినట్టుండదు.

చలికాలంలో ఇంకో రోజు మిగిలితే మెదక్. సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) నుంచి బస్సు, నర్సాపూర్ అడవి మధ్యలోంచి పోయే రోడ్డు. 2022 సెప్టెంబర్ నుంచి అక్కన్నపేట మీదుగా రైలు కూడా మెదక్ దాకా వెళ్తోంది గానీ మళ్ళీ అదే మాట, బస్సులు ఎక్కువ. కోట చిన్నది, సులువుగా ఎక్కేయొచ్చు. సింహద్వారం, గజద్వారం దాటుతూ ఎక్కితే పైనుంచి చర్చి గోపురం కనబడుతుంది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగిన చర్చి అది. కరువురోజుల్లో పోస్నెట్ అనే మిషనరీ దొర కూలికి తిండి పెట్టి కట్టించాడని అక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. కోట పొద్దున, చర్చి మధ్యాహ్నం. క్రిస్మస్ వారంలో మాత్రం బస్సులో నిలబడటానికి కూడా చోటుండదు.

బూట్ల గురించి అడిగారు. కొనక్కర్లేదు. ఆరు వేల బూటుకన్నా అడుగు అరగని ఆరొందల కాన్వాస్ బూటు బండ మీద బాగా పట్టిస్తుంది. అడుగున రబ్బరు ఉండాలి, గట్టి ప్లాస్టిక్ అయితే జారుతుంది. కొత్తవి కొంటే ముందు ఓ వారం ఆఫీసుకు వేసుకెళ్ళండి, లేకపోతే కొండ మీద మడమ బొబ్బలెక్కుతుంది. జీన్స్ వద్దు, చెమటకు బిగుసుకుపోతుంది. మామూలు కాటన్ చుడీదార్ చాలు, చున్నీ మాత్రం నడుముకు బిగించుకోండి, లేకపోతే ఇనుప కడ్డీలకు చిక్కుకుంటుంది.

మనిషికి రెండు లీటర్ల నీళ్ళు. కొండమీద కొనుక్కుందాంలే అనుకోవద్దు. ఓఆర్ఎస్ పొట్లం రెండు, పల్లీపట్టీలు, మధ్యాహ్నానికి పులిహోర. పెరుగన్నం ఎండకు పులిసిపోతుంది, హాస్టల్లోనే తినేసి రండి. టోపీ. బాత్రూం పని బస్టాండులోనే చూసుకుని కొండకు వెళ్ళండి, పైన ఏదో ఉంటుందని ఆశపెట్టుకోవద్దు. నెలసరి రోజులైతే వెళ్ళకూడదనేమీ లేదు, కాగితపు సంచీ ఒకటి పెట్టుకోండి, వాడినవి అక్కడ పారేయకుండా వెనక్కి తెచ్చుకోవడానికి.

పాత కోటల్లో మనం భయపడాల్సింది పాములకన్నా తేనెటీగలకు. కమానుల కింద, నిలువు బండల అంచున పెద్ద పెద్ద తుట్టెలు వేలాడుతుంటాయి. వాటి దగ్గర అరవడం, రాయి విసరడం, సిగరెట్ వెలిగించడం ఎవడైనా చేస్తుంటే అక్కణ్ణుంచి ముందు మీరు కదలండి. ఘాటైన సెంటు కొట్టుకెళ్ళకండి. లేచాయంటే చేతులు విదిలించకుండా, మొహం చున్నీతో కప్పుకుని వచ్చిన దారినే దిగిపోవాలి. బండ అంచు వైపు మాత్రం పరిగెత్తొద్దు.

ఖర్చు మాటకొస్తే, మెట్రో, బస్సు, టికెట్, తిండి అన్నీ కలిపినా ఆ గ్రూపువాళ్ళు అడిగినదాంట్లో సగం కూడా కాదు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం కదా అంటారేమో. అది ఇక్కడి చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపినవాళ్ళకే. మీ ఆధార్‌లో గుంటూరు అడ్రసే ఉంటే కండక్టర్ జీరో టికెట్ ఇవ్వడు, వాదించి లాభం లేదు. రైలుకు రైల్‌వన్ యాప్‌లో జనరల్ టికెట్ తీసుకోవచ్చు. రెండు జాగ్రత్తలు: సూపర్‌ఫాస్ట్ బండి ఎక్కాలంటే దానికి అదనపు రుసుము కలిపిన టికెట్ ఉండాలి. ఇక దగ్గరి దూరాల జనరల్ టికెట్ రోజంతా చెల్లదు, కొన్నాక మూడు గంటల్లోపు, లేదా ఆ తర్వాత వచ్చే మొదటి బండికి బయల్దేరాలి. అందుకని తిరుగు టికెట్ పొద్దునే కొనిపెట్టుకోవద్దు.

గ్రూపులను నేను పూర్తిగా కొట్టిపారేయను. రాచకొండ లాంటి చోట్లకు వాళ్ళతో వెళ్ళడమే మేలు. వాళ్ళకు దారి తెలుసు, బండి ఉంటుంది. చేరే ముందు మాత్రం ఎంతమందికి ఒక లీడర్, ఆడ లీడర్ ఉందా, దెబ్బతగిలితే ఏం చేస్తారు అని అడగండి. సరిగా జవాబు చెప్పలేని వాళ్ళకు పదిహేను వందలు ఇవ్వొద్దు. బస్సు రోడ్డు పక్క కొండలకు మీకు వాళ్ళ అవసరం లేదు. ఇద్దరున్నారు, ఇంకో ఇద్దరు తోడైతే ఇంకా నయం. కాలు బెణికితే ఒకరు దగ్గర ఉండి, ఇద్దరు కిందికి పోయి మనుషుల్ని తీసుకురావచ్చు. కోటల వెనకవైపు, జనం తిరగని పాడు గదుల్లోకి ఫోటోల కోసం పోకండి. ఫోన్లో 112 నంబరూ, పోలీసుల టీ-సేఫ్ యాప్ రెండూ పెట్టుకోండి. అడవిలో సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది కాబట్టి లొకేషన్ ఎవరికైనా కింద ఉన్నప్పుడే పంపేయండి.

సెలవులకు ఊరెళ్ళినప్పుడు కూడా కొండలు మానుకోనక్కర్లేదు. గుంటూరు విజయవాడ బస్సు ఆగే మంగళగిరిలోనే పానకాల స్వామి మెట్లున్నాయి. విజయవాడ దాటితే కొండపల్లి, స్టేషన్ కూడా ఉంది. కోట చూసి దిగొస్తూ ఊళ్ళో బొమ్మలు చెక్కేవాళ్ళ దగ్గర కాసేపు కూర్చోవచ్చు. కొండవీడు గురించి గుంటూరు వైపు మనిషికి నేను చెప్పాలా? అక్కడికి ఫిరంగిపురం దాకా బస్సు, ఆపైన ఆటో. ఇది మాత్రం ఇంట్లోవాళ్ళతో కలిసి వెళ్ళండి.

ఇక నాన్నగారు. చెప్పకుండా వెళ్ళొద్దమ్మా. నీతులు చెప్పడానికి అనడం లేదు. కొండ మీద ఫోన్ కలవనప్పుడు మీరెక్కడున్నారో ఒక్క మనిషికైనా తెలిసి ఉండాలి, ఆ మనిషి మీ ఇంట్లోవాళ్ళైతే మంచిది. ‘ట్రెక్కింగ్‌కు వెళ్తున్నా’ అంటే ఆయన కళ్ళముందు ఏ హిమాలయమో కదులుతుంది. ‘రేపు శనివారం రూమ్మేట్‌తో అనంతగిరి పద్మనాభస్వామి గుడికి వెళ్తున్నాం, పొద్దున లింగంపల్లిలో రైలు, దర్శనం చేసుకుని అక్కడే అడవిలో నడిచి, సాయంత్రం ఏడుకల్లా హాస్టల్లో ఉంటాం’ అని చెప్పండి. అబద్ధమేమీ కాదు కదా, దర్శనం చేసుకోండి. ఎక్కాక ఒక ఫోన్, దిగాక ఒక ఫోన్. రెండుమూడు సార్లు అనుకున్న వేళకు తిరిగొచ్చారంటే ఆయనే వాళ్ళకీ వీళ్ళకీ చెప్పుకుంటారు. ఎప్పుడైనా మిమ్మల్ని చూడ్డానికి హైదరాబాద్ వచ్చి, ఆ కొండేదో నాకూ చూపించు అంటే మాత్రం భువనగిరి తీసుకెళ్ళకండి. ఆ వయసు మోకాళ్ళకు దిగుడు కష్టం. మెదక్ బస్సెక్కించండి.